సాయంత్రాలన్నీ అందరి పండగలకే పోతున్నాయి, నాది ఉద్యోగమేనా?

టొరంటో పక్కనున్న ఒక నగరం నుంచి ఒక పాఠకురాలు పొడవైన ఉత్తరం రాశారు. అందులోని ముఖ్యమైన సంగతులు ఇవి.

ఆమెకు 38 ఏళ్లు. వరంగల్‌లో బీకాం చదివి, కూచిపూడిలో డిప్లొమా చేశారు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో ఎనిమిదేళ్లు సాంస్కృతిక కార్యక్రమాల బాధ్యత చూశారు. ఐదేళ్ల కిందట భర్త, ఇద్దరు పిల్లలతో పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) మీద కెనడా వెళ్లారు. మూడేళ్లుగా నగరపాలక సంస్థ నడిపే కమ్యూనిటీ సెంటర్లో పార్ట్‌టైమ్ ప్రోగ్రామ్ లీడర్‌గా చేస్తున్నారు. వారానికి 16 గంటలు, గంటకు 22 డాలర్లు. పిల్లలకు డాన్స్ క్లాసులు, బడి సెలవుల్లో క్యాంపులు, మంగళవారాలు పెద్దవాళ్లకు కుర్చీలో కూర్చుని చేసే వ్యాయామాలు. ఇది కాక, అక్కడి తెలుగు సంఘంలో ఉగాది నుంచి సంక్రాంతి దాకా స్టేజీ మీద జరిగేదంతా ఆమె చేతి మీదుగానే జరుగుతుంది, ఒక్క డాలరు తీసుకోకుండా.

ఇప్పుడు సెంటర్లో ప్రోగ్రామర్ (క్లాసులు, క్యాంపుల ప్రణాళిక వేసి నడిపించే ఉద్యోగి) ప్రసూతి సెలవు మీద వెళ్తున్నారు. ఆ స్థానంలో 14 నెలల ఫుల్‌టైమ్ కాంట్రాక్టు పడింది: వారానికి 35 గంటలు, గంటకు 36 డాలర్లు. దరఖాస్తుకు మూడు వారాలే గడువు. భర్తేమో, "పిల్లల్ని ఆడించే పని ఇంకెన్నాళ్లు? బీకాం ఉందిగా, పేరోల్ కోర్సు చేసి ఆఫీసు ఉద్యోగం చూసుకో, సాయంత్రాలు ఇంట్లో ఉండొచ్చు" అంటున్నారు. సంఘం పెద్దలు వచ్చే రెండేళ్లకు సాంస్కృతిక కార్యదర్శిగా ఉండమని పట్టుబడుతున్నారు. స్నేహితురాళ్లు సొంతంగా డాన్స్ స్కూల్ పెట్టమంటున్నారు. "అందరికీ పండగ చేసి ఇంటికొచ్చేసరికి మా చిన్నది నిద్రపోయి ఉంటుంది. నేను చేసేది అసలు ఉద్యోగమేనా, ఉద్యోగమనుకుని తీర్చుకుంటున్న సరదానా?" అని అడిగారు.

మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. అది ఉద్యోగమే. మీరున్న ఒంటారియో రాష్ట్రంలో రిక్రియేషన్ (జనానికి ఆటపాటలు, వినోద కార్యక్రమాలు నడపడం) అనేది ప్రోగ్రామ్ లీడర్, ప్రోగ్రామర్, సూపర్‌వైజర్, మేనేజర్ అని మెట్లున్న వృత్తి. కాలేజీల్లో దానికోసమే రెండేళ్ల డిప్లొమాలున్నాయి. మీరు కింది మెట్టు మీద మూడేళ్లుగా నిలబడి ఉన్నారు, అందుకే అది మీ వారికి పిల్లల్ని ఆడించే పనిలా కనిపిస్తోంది. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. మీరే దాన్ని సరదా అని అనుమానిస్తుంటే, బయటివాళ్లకు వేరేగా ఎలా కనిపిస్తుంది?

ఇక సాయంత్రాల సంగతి. జనం తీరిగ్గా ఉన్నప్పుడే మనకు పని ఉండే వృత్తి ఇది. బడి వదిలాక, ఆఫీసులు మూసాక, శని ఆదివారాల్లో. క్లాసు తీసుకునే లీడర్‌కి దీన్నుంచి తప్పించుకునే దారి లేదు. ప్రోగ్రామర్ పని వేరు. సీజన్ పట్టిక వేయడం, బడ్జెట్, లీడర్లను ఎంపిక చేసుకోవడం, ఎవరు ఏ రోజు అన్న షెడ్యూలు, తల్లిదండ్రుల ఫిర్యాదులు. ఇందులో చాలా భాగం పగలే జరుగుతుంది. మామూలుగా వారానికి ఒకటి రెండు సాయంత్రాలు, వంతులవారీగా ఒక శనివారం మిగులుతాయి. అంటే సాయంత్రాలు ఇంట్లో గడపాలంటే ఈ వృత్తి వదలక్కర్లేదు, అందులో పై మెట్టుకు వెళ్లినా కుదురుతుంది. మీ నగరంలో ఈ పోస్టుకు సాయంత్రాలు ఎన్ని అన్నది ప్రకటనలో రాయకపోతే హెచ్‌ఆర్‌కి ఫోన్ చేసి అడగండి. అడిగినంత మాత్రాన అవకాశం పోదు.

ఒక పని ఈ రోజే మొదలుపెట్టండి. ఫోన్ క్యాలెండర్‌లో గత రెండు నెలలు వెనక్కి వెళ్లి, సెంటర్‌కి ఇచ్చిన గంటలు ఒక రంగులో, సంఘానికి ఇచ్చిన గంటలు ఇంకో రంగులో గుర్తు పెట్టండి. రిహార్సళ్లు, కాస్ట్యూముల బేరాలు, వాట్సాప్ గ్రూపులో అలకలు తీర్చిన రాత్రులు కూడా లెక్కలోకి రావాలి. బతుకమ్మ, దీపావళి రోజుల్లో సంఘం గంటలు సెంటర్ గంటల్ని మించిపోయినా ఆశ్చర్యం లేదు. మీ చిన్నమ్మాయి నిద్రపోయే వేళకు మీరు ఇల్లు చేరకపోవడానికి జీతమిచ్చే పని ఎంత కారణమో, జీతం లేని పని ఎంత కారణమో ఆ పేజీ చూపిస్తుంది. మీ వారితో మాట్లాడేటప్పుడు ఆ పేజీ పక్కన ఉండాలి.

కాంట్రాక్టు గురించి. నా మొగ్గు దాని వైపే, కానీ లోతు తెలుసుకుని దిగాలి. ప్రసూతి సెలవు ఖాళీ అంటే ఆ కుర్చీ ఇంకొకరిది. ఒంటారియో ఉద్యోగ చట్టం ప్రకారం ఆమె తిరిగొస్తే ఆమె పోస్టు ఆమెకు ఇవ్వాల్సిందే. పైగా, అనుకున్నదానికంటే ముందే రావాలనుకుంటే నాలుగు వారాల ముందు రాతపూర్వకంగా చెబితే చాలు. కాబట్టి 14 నెలలన్నది గ్యారంటీ కాదు, పదో నెలలోనే ముగిసినా ముగియవచ్చు. సంతకం పెట్టే ముందు మూడు సంగతులు కాగితం మీద తెచ్చుకోండి: కాంట్రాక్టు ముగిస్తే ఎన్ని రోజుల ముందు చెబుతారు, మీ పార్ట్‌టైమ్ స్థానం మీకోసం ఉంచుతారా, ఈ కాలానికి మీ సీనియారిటీ నడుస్తుందా. మూడోదానికి జవాబు మీ సెంటర్లో యూనియన్ ఒప్పందం ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఉంటే ఆ ఒప్పందంలో తాత్కాలిక నియామకాల భాగం చదవండి. "అబ్బే, మళ్లీ తీసుకుంటాంలే" అని మేనేజర్ మనస్ఫూర్తిగానే అనొచ్చు, కానీ ఆ మేనేజరే బదిలీ అయిపోతే ఆ మాట ఆమెతోనే పోతుంది.

అంత అనిశ్చితి ఉన్నా ఎందుకు వెళ్లమంటున్నానంటే, లీడర్‌గా ఎన్నేళ్లు చేసినా రాని మూడు అనుభవాలు ఇందులో వస్తాయి. బడ్జెట్ చూడటం, మనుషుల్ని నియమించడం, ఒక సీజన్ మొత్తానికి బాధ్యత వహించడం. పక్క నగరాల ప్రోగ్రామర్ ప్రకటనలు అడిగేది వీటినే. ఒక్క ఏడాది అనుభవంతో చుట్టూ ఉన్న నగరాలకు దరఖాస్తు పెట్టే బలం వస్తుంది.

డబ్బు విషయంలో చాలామంది పార్ట్‌టైమ్ వాళ్లు గమనించని సంగతి ఒకటుంది. ఒంటారియో మునిసిపల్ ఉద్యోగుల పెన్షన్ పథకం ఓమర్స్‌లో 2023 జనవరి 1 నుంచి పార్ట్‌టైమ్ వాళ్లు కూడా మొదటి రోజు నుంచే చేరవచ్చు. ఎవరూ బలవంతంగా చేర్చరు, మనమే అడగాలి. మీ జీతంలో సుమారు 9 శాతం కోస్తారు, యజమాని కూడా అంతే వేస్తారు. మీ 16 గంటల జీతం మీద అది వారానికి 32 డాలర్ల దాకా. ఒకసారి చేరాక అదే ఉద్యోగంలో ఉండగా బయటికి రావడం కుదరదు కాబట్టి ఇంటి ఖర్చు చూసుకుని నిర్ణయించుకోండి. కాంట్రాక్టు వచ్చినా రాకపోయినా ఇది అడగాల్సిందే.

దరఖాస్తుకొద్దాం. కాగితాలు ముందు. స్టాండర్డ్ ఫస్ట్ ఎయిడ్, సీపీఆర్ స్థాయి సీ సర్టిఫికెట్ గడువు చూడండి. పిల్లల కార్యక్రమాలు నడిపేవాళ్లకు ఇచ్చే హై ఫైవ్ శిక్షణ మీరు లీడర్‌గా చేసే ఉంటారు, దాని సర్టిఫికెట్ తీసి పెట్టుకోండి. పిల్లలు, వృద్ధులతో పనిచేసేవాళ్లకు కావలసిన వల్నరబుల్ సెక్టర్ పోలీస్ చెక్ కొత్తది అడగవచ్చు. పుట్టినతేదీ యాదృచ్ఛికంగా పాత రికార్డులో ఎవరిదో ఒకరిదానితో కలిస్తే వేలిముద్రలు ఇవ్వమంటారు, దానికి వారాలు పడుతుంది. మన మీద ఏదో ఉందని కంగారు పడక్కర్లేదు, ఆలస్యానికి సిద్ధంగా ఉంటే చాలు. పీఆర్ కోసం చేయించిన డిగ్రీ మూల్యాంకన రిపోర్టు ఇంట్లో ఉంటుంది, దాన్ని జతచేయండి. ఇక హైదరాబాద్ ఎనిమిదేళ్ల అనుభవాన్ని రెజ్యూమేలో చివరికి తోసేయకండి. 2026 జనవరి 1 నుంచి ఒంటారియోలో 25 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలు బహిరంగ ప్రకటనల్లో కెనడా అనుభవం కావాలని అడగకూడదు. ఇంటర్వ్యూ చేసినవాళ్లు నిర్ణయాన్ని 45 రోజుల్లో చెప్పాలని కూడా నిబంధన వచ్చింది. కాబట్టి రెండు వారాలు ఫోన్ రాకపోతే రాలేదనుకుని డీలా పడొద్దు.

నగరపాలక సంస్థల్లో ఇంటర్వ్యూ మామూలుగా ముగ్గురు కూర్చుని, అందరికీ ఒకే ప్రశ్నలు వేసి, జవాబులకు మార్కులు వేస్తూ చేస్తారు. మీరు చెప్పనిదానికి మార్కు పడదు. ఎదురుగా కూర్చున్నది మీ సూపర్‌వైజరే అయినా, "మీకు తెలుసుగా" అని వదిలేస్తే సున్నా. మనలో చాలామంది అక్కడే దెబ్బతింటారు, సొంత పని గురించి చెప్పుకోవడం గొప్పలు పోవడంలా అనిపించి.

కొత్త క్లాసు ప్రతిపాదించమనే ప్రశ్న రావచ్చు. అప్పుడు ఉత్సాహంతో పాటు లెక్క కూడా కావాలి. ఉదాహరణకు 6 నుంచి 9 ఏళ్ల పిల్లలకు 8 వారాల జానపద నృత్యం క్లాసు, వారానికి గంట, ఫీజు 72 డాలర్లు అనుకోండి. లీడర్‌కు గంట క్లాసు, పావుగంట సర్దుబాటు కలిపి 8 వారాలకు 10 గంటలు, 22 చొప్పున 220. దాని మీద యజమాని కట్టే చెల్లింపులు 12 శాతం వేసుకుంటే 246. గదికి గంటకు 20 చొప్పున 160. మొత్తం 406. ఒక్కో పిల్లకు సామగ్రి 4 డాలర్లు పోతే చేతికి మిగిలేది 68. 406ని 68తో భాగిస్తే ఆరుగురు పిల్లలు. ఆరుగురు చేరితే క్లాసు తన ఖర్చు తాను తెచ్చుకుంటుంది, ఐదుగురైతే రద్దు చేయాలి. ఈ అంకెలు నేను వేసుకున్నవి, మీ సెంటర్‌వి అడిగి మార్చుకోండి. "కనీసం ఆరుగురు, గరిష్ఠంగా పదిహేను, క్లాసుకు వారం ముందు నిర్ణయం" అని మీ నోటి నుంచి వస్తే, వాళ్లకు ఎదురుగా డాన్స్ టీచర్‌కి బదులు ప్రోగ్రామర్ కనిపిస్తుంది. దానికి ఇంకో ముక్క కలపండి: మనవాళ్లు చివరి రోజు దాకా పేరు నమోదు చేయరు, వారం ముందు నలుగురే ఉన్నారని క్లాసు రద్దవుతుంది, మర్నాడు పది ఫోన్లు వస్తాయి. దీనికి మీ దగ్గరున్న మందు ఏమిటో కూడా చెప్పండి. గుళ్లో, సరుకుల దుకాణంలో, బడి గేటు దగ్గర నమోదు తేదీ తెలిసేలా చేయడం, మొదటి తరగతి ఉచితంగా చూపించడం, ఏదైనా సరే.

మీకు తెలిసి, ఆ బల్ల అవతలి వాళ్లకు తెలియని సంగతులు ఇంకా చాలా ఉన్నాయి. హాలు అద్దెకిచ్చే నగర సిబ్బందికి మన పండగలంటే భయం ఎక్కడో మీరు రెండువైపుల నుంచీ చూశారు. జిమ్ చెక్కనేల మీద ముగ్గుపిండి పడితే అది పలకల సందుల్లోకి దిగుతుంది, మర్నాడు బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలు జారిపడతారు. అందుకే ప్లైవుడ్ చెక్క మీదో మందపాటి వినైల్ షీటు మీదో ముగ్గు వేసి తెచ్చి పెట్టాలి. కర్పూర హారతి పొగకు అలారం మోగితే హాలంతా ఖాళీ చేయించాలి, ఫైరింజన్ వస్తుంది, చాలా నగరాల్లో ఆ ఖర్చు హాలు తీసుకున్నవాళ్ల మీదే పడుతుంది. జ్యోతి వెలిగించాలంటే ముందే రాతపూర్వక అనుమతి తీసుకోవాలి, లేదంటే బ్యాటరీ దీపాలే. ఇంటి నుంచి తెచ్చే పులిహోర, దద్దోజనం దగ్గర ఇంకో చిక్కు. బయటివాళ్లకు వడ్డించే పండగైతే హెల్త్ యూనిట్‌కి (స్థానిక ప్రజారోగ్య కార్యాలయానికి) ముందుగా తెలపాలి, వేడివి 60 డిగ్రీల పైన, చల్లవి 4 డిగ్రీల లోపు ఉండాలి. బతుకమ్మను చెరువులో వదలడానికి పార్కు వాళ్లు ఒప్పుకోకపోతే ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి అక్కడే సాగనంపే ఏర్పాటు చేయొచ్చు. తొమ్మిదికి అయిపోవాల్సిన సభ పదిన్నర దాకా సాగితే ఓవర్‌టైమ్ బిల్లు ఎంతవుతుందో కూడా మీకు తెలుసు. వీటిని ఒక పేజీకి కుదించి, "దక్షిణాసియా బృందాలకు హాలు ఇచ్చేటప్పుడు సిబ్బంది చూసుకోవాల్సినవి" అన్న శీర్షికతో ఇంటర్వ్యూకి పట్టుకెళ్లండి. మీ మూడేళ్లూ, సంఘంలో చేసిన చాకిరీ కలిసి మీ వృత్తికి ఉపయోగపడేది ఆ పేజీలోనే.

సంఘం విషయంలో కొంచెం గట్టిగానే చెప్పాలి. నగర ఉద్యోగిగా ఉంటూ, అదే నగరం నుంచి హాలు అద్దెకు తీసుకుని, గ్రాంటు అడిగే సంఘానికి కార్యదర్శిగా ఉండటం ప్రయోజన వైరుధ్యం కిందికి వస్తుంది. లీడర్‌గా ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోకపోవచ్చు. ప్రోగ్రామర్‌గా మీ సంతకంతో హాళ్లు కేటాయిస్తుంటే, "వాళ్లవాళ్లకే శనివారాలు ఇస్తోంది" అన్న ఒక్క ఫిర్యాదు చాలు. పదవి తీసుకుంటే ముందే మేనేజర్‌కి రాతపూర్వకంగా తెలపండి, సంఘం బుకింగుల మీద మీరు నిర్ణయం తీసుకోకుండా ఏర్పాటు చేయించుకోండి. తీసుకోకపోవడమే మేలని నా అభిప్రాయం. అలాగని సంఘాన్ని వదిలేయమనడం లేదు. ఏడాదికి ఒక్క పండగ మీది. ఏ పండగో మీరే చెప్పండి, మిగతావాటికి ఇద్దరు అమ్మాయిల్ని తయారుచేస్తానని మాటివ్వండి. పెద్దలు నొచ్చుకుంటారు. కొందరు "ఉద్యోగం రాగానే మారిపోయింది" అంటారు. ఆ మాట రెండు నెలలుంటుంది, తర్వాత కొత్త కార్యదర్శి గురించి మాట్లాడుకుంటారు.

సంఘం నుంచే జీతం వచ్చే మార్గం ఉందా అని కూడా అడిగారు. ఉంది, కానీ సన్నటి దారి. పెద్దవాళ్ల కార్యక్రమాలకు కెనడా కేంద్ర ప్రభుత్వం న్యూ హొరైజన్స్ ఫర్ సీనియర్స్ పథకం కింద కమ్యూనిటీ ప్రాజెక్టులకు 25,000 డాలర్ల వరకు ఇస్తుంది. మనవల్ని చూసుకోవడానికి వచ్చి నాలుగు గోడల మధ్య ఉండిపోయిన అమ్మమ్మలు, తాతయ్యల కోసం మీరనుకుంటున్న పాటల బృందం దానికి సరిపోయే ఆలోచనే. అయితే ఆ ప్రాజెక్టుకు పెద్దవాళ్లే ముందుండి నడిపించాలి, దరఖాస్తు సంస్థ పేరు మీద పెట్టాలి, వ్యక్తులకు ఇవ్వరు. శిక్షకురాలి పారితోషికం ఖర్చుల్లో చెల్లుతుందా అని ముందే నిబంధనల్లో చూసుకోవాలి. ఇంకో మెలిక: మీ సంఘం చారిటీగా నమోదై ఉంటే, డైరెక్టర్లకు జీతమివ్వడం మీద గట్టి ఆంక్షలుంటాయి. కార్యవర్గంలో పేరు, పారితోషికం రెండూ కావాలంటే చిక్కుల్లో పడతారు. ఏదో ఒకటి ఎంచుకోండి.

సొంత డాన్స్ స్కూల్ మంచి ఆలోచనే గానీ ఇప్పుడు కాదు. అది మీ సాయంత్రాల్నీ, శని ఆదివారాల్నీ మొత్తం తీసుకుంటుంది. ఏ బాధ నుంచి బయటపడాలని ఉత్తరం రాశారో అదే రెట్టింపవుతుంది. హాలు అద్దెకు తీసుకుంటే సాధారణంగా 20 లక్షల డాలర్ల బాధ్యతా బీమా చూపించమంటారు, అందులో నగరం పేరు కూడా చేర్చాలి. ఆదాయం వరుసగా నాలుగు త్రైమాసికాలు కలిపి 30,000 డాలర్లు దాటితే హెచ్‌ఎస్‌టీ (అమ్మకం పన్ను) నమోదు తప్పనిసరి. నగరం కూడా డాన్స్ క్లాసులు నడుపుతోంది కాబట్టి, మీ స్కూల్ దానికి పోటీ అవుతుంది. దాన్నీ మేనేజర్‌కి చెప్పాల్సి ఉంటుంది. పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యాక, ప్రోగ్రామర్‌గా లెక్కలు నేర్చుకున్నాక పెడితే ఆ స్కూల్ నిలబడుతుంది.

పేరోల్ కోర్సు చెడ్డది కాదు. పగటి పని, నిలకడైన జీతం. కానీ ఆ రంగంలోనూ మళ్లీ కింది మెట్టు నుంచే మొదలు. ఇక్కడి మూడేళ్ల సీనియారిటీ అక్కడ పనికిరాదు. మీ ఉత్తరంలో దాని మీద ఇష్టం ఒక్క వాక్యంలోనూ కనిపించలేదు. రెండేళ్ల రిక్రియేషన్ డిప్లొమా కూడా ఇప్పుడే వద్దు. మీ డిగ్రీని, అనుభవాన్ని తత్సమానంగా తీసుకుంటారా అని ప్రకటన చదివి తెలుసుకోండి. రెండు మూడు చోట్ల డిగ్రీ కారణంగానే తిరస్కరిస్తే అప్పుడు ఆలోచించవచ్చు.

ఉత్తరం చదివే మిగతావాళ్లలో పీఆర్ లేకుండా, భర్త లేదా భార్య ఉద్యోగం మీద వచ్చిన ఓపెన్ వర్క్ పర్మిట్‌తో ఉన్నవాళ్లు ఒక సంగతి చూసుకోండి. వైద్య పరీక్ష చేయించుకోకుండా వచ్చిన పర్మిట్ మీద శిశు సంరక్షణ, బడి బోధన, ఆరోగ్య సేవల్లో పనిచేయరాదని రాసి ఉండవచ్చు. పిల్లల క్యాంపు ఉద్యోగానికి సరే అనే ముందు ఆ కాగితం ఒకసారి తీసి చదవండి.

మీ వారితో ఎలా మాట్లాడాలన్నది చివరికి మిగిలింది. "నా కళ, నా ఇష్టం" అని మొదలుపెడితే ఆయన "పిల్లలు, ఇల్లు" అని ముగిస్తారు. అంకెలతో మొదలుపెట్టండి. ఇప్పుడు వారానికి 352 డాలర్లు, కాంట్రాక్టులో 1,260. సాయంత్రాలు ఇప్పుడు ఎన్ని, అప్పుడు ఎన్ని. సంఘం గంటలు ఎంత తగ్గిస్తున్నారు. బడి తర్వాత చిన్నదాన్ని చూసుకునే కార్యక్రమానికి నెలకు ఎంత, అందులో సీటు దొరుకుతుందా, మీరు ఆలస్యమయ్యే రోజు ఆయన ఎన్నింటికి రాగలరు. వెయిటింగ్ లిస్టులు పొడుగ్గా ఉంటాయి కాబట్టి ఇంటర్వ్యూ దాకా ఆగకుండా ఈ వారమే ఆఫ్టర్ స్కూల్‌లో పాప పేరు రాయించండి. ఉద్యోగం రాకపోతే తీసేయించుకోవచ్చు. కాంట్రాక్టు ముగిసేలోగా శాశ్వత పోస్టు గానీ పక్క నగరంలో అవకాశం గానీ రాకపోతే పేరోల్ మాట మళ్లీ ఎత్తుదామని ఆయనకు ఒక తేదీ ఇవ్వండి. తేదీ చూపిస్తే, మీరు దీన్ని సరదాగా తీసుకోవడం లేదని ఆయనకూ అర్థమవుతుంది.

దరఖాస్తు మాత్రం గడువుకు రెండు రోజుల ముందే పంపండి. ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫైళ్లు ఎక్కక ఆఖరి రాత్రి ఇబ్బంది పడేవాళ్లు ఉంటారు. సంఘం పెద్దలకు మీ జవాబు కూడా ఆ వారంలోనే చెప్పేయండి, బతుకమ్మ రిహార్సళ్లు మొదలవకముందే.